మిగిల్చిన అన్నము: నెల్లూరు తీరపు వంటయింటి చరిత్ర

నెల్లూరు సముద్రతీరమున మైపాడు, ఇసకపల్లి, కృష్ణపట్నము ప్రాంతపు పాలెములలో వేటపడవలు తెల్లవారకముందే కడలిలోనికి దిగును. ఆ వేళకు పొయ్యి రాజేసి, అన్నము వండి వార్చి, కూర చేసి పంపుట ఏ ఇల్లాలికిని సాధ్యమగు పని కాదు. అందుచేత పూర్వము పడవలో వలలతోపాటు మూతగల పాత్ర యొకటి వెళ్ళెడిది. అందులో నుండునది క్రిందటి రాత్రి వండిన అన్నము, దానిపై పోసిన నీళ్ళు, కొంచెము ఉప్పు, ఒక ఉల్లిపాయ. ఇంటివద్ద పిల్లలకును అదియే. నాట్లకును కోతలకును పోవు కూలివారికిని అదియే. రాత్రి చేపల పులుసు మిగిలియున్నచో ఆ పూట పండుగ.

దీనిని మిగిలిన అన్నమనుట వాడుక గాని, నిజమునకు ఇది మిగిల్చిన అన్నము. రాత్రి ఎసటిలో బియ్యము పోయునపుడే మరునాటి ఉదయమునకు కావలసినంత లెక్కచూచి కలిపి పోసెడివారు. ఒక వంటతో రెండు భోజనములు జరుపుట అనుకోకుండ వచ్చినది కాదు, ఆలోచించి ఏర్పరచుకొన్న పద్ధతి. నేడు ఉద్యోగములు చేయు దంపతులు ఉదయము వండినదానితో రాత్రి భోజనమును తేలికగా ముగించు ఉపాయములు వెదకుచున్నారు. ఆ ఉపాయములకు పూర్వరూపము ఈ కుండలోనే యున్నది. అయితే ఆ కుండకును నేటి భోజనపు బల్లకును నడుమ ముఖ్యమైన మార్పు ఒకటి జరిగినది. వంటవేళ తలక్రిందులైనది. దానిని గమనింపక పాత అలవాటును కొత్త వేళకు అన్వయించుట వలన వాంతులు, కడుపునొప్పులు ఇంటికి వచ్చుచున్నవి.

రాత్రి వండి ఉదయము తిను అన్నమునకు తెలుగున చద్ది యని పేరు. నెల్లూరు పలుకుబడిలో అది సద్ది, సద్దన్నము. పదునైదవ శతాబ్దమున పోతన తన భాగవతమునందు కృష్ణుడును గోపబాలురును అడవిలో చల్దులు ఆరగించు ఘట్టమును వర్ణించెను. సి. పి. బ్రౌను 1852లో ప్రకటించిన నిఘంటువున ఈ మాటకు చోటు దొరికినది. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చు సామెతను ఎరుగనివారుండరు. దారిలో ఆకలివేళకు తప్పక అక్కరకు వచ్చునదని దాని భావము. మూట విప్పునప్పటికి అన్నము చెడియుండునను భయమే యున్నచో ఆ పోలిక పుట్టియుండదు. ఆచారము గట్టిగా పాటించు ఇండ్లలో మాత్రము పెద్దలు చద్దిని అంటుగా ఎంచి ముట్టెడివారు కారు. పిల్లలకు మాత్రము పెరుగు కలిపి పెట్టెడివారు.

నెల్లూరు సీమలో అసలు వంట రాత్రివేళకు కుదురుటకు కారణము పొలములోను, కూలిలోను ఉన్నది. పెన్నానదిపై నెల్లూరు వద్ద 1850వ దశకమునందును, సంగము వద్ద 1880వ దశకమునందును ఆనకట్టలు వచ్చిన పిమ్మట డెల్టాలో వరిసాగు స్థిరపడినది. నెల్లూరు మొలగొలుకులు దూరప్రాంతముల అంగళ్ళలో సహితము పేరుపడిన బియ్యము. అయినను ఆ వరిని నాటి, కోసి, నూర్చిన కూలివాని ఇంట రెండుపూటల పొయ్యి వెలుగుట అరుదు. కూలిని గింజల రూపమున సాయంకాలము కొలిచి ఇచ్చెడివారు. వానిని ఇంటికి తెచ్చి, దంచి, చెరిగి, ఎసట పోయుసరికి చీకటి పడెడిది. మెట్ట గ్రామములలో వరికి బదులు జొన్న, సజ్జ, రాగి. ఆ సంగటి మిగిలినచో ఉదయము మజ్జిగలో పిసికి త్రాగెడివారు. వంటచెరకు మరియొక కారణము. తీరపు ఇసుకనేలలలో సరుగుడు తోపులు విస్తారముగా పెరిగినను ఆ కట్టెలలో చాలభాగము పట్టణములకు అమ్మకమునకు పోయెడిది. పొదుపుగా బ్రతుకు ఇంట రోజునకు ఒకమారు పొయ్యి రాజినచో అదియే చాలు.

మిగుల్చుకొనుట కూడ ఒక భాగ్యమే. తెలుగువారు ధాత కరువని చెప్పుకొన్న 1876-78 నాటి కరువు మద్రాసు రాజధానిలోని ఇతర జిల్లాలతోపాటు నెల్లూరును కూడ పీడించినది. 1877లో సర్ రిచర్డు టెంపుల్ సహాయపు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, చాలునని నిర్ణయించెను. రాజధాని ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిష్ అది మట్టిపని చేయువాని ప్రాణము నిలుపుటకు చాలదని గట్టిగా వాదించెను. అట్టి దినములలో కుండ అడుగున మెతుకు ఎట్లు మిగులును? పల్లెలో చద్దికుండ ఉన్న ఇల్లనగా రేపటి పూటకు బెంగలేని ఇల్లని అర్థము.

ఇక ఆ కుండలో రాత్రి ఏమి జరుగునో చూడవలసియున్నది. ఉడుకునపుడు బియ్యపు గింజలోని పిండిపదార్థము నీటిని పీల్చుకొని ఉబ్బి మెత్తబడును. చల్లారినకొలది ఆ పిండిలోని పొడవైన అణువుల గొలుసులు మరల దగ్గరకు చేరి గట్టిపడును. చల్లారిన మెతుకు బిరుసెక్కుట ఇందువలననే. వేడి తగ్గని అన్నముపై నీళ్ళు పోయుట వలన రెండు లాభములు కలవు. మెతుకు ఎండిపోదు, అన్నము త్వరగా చల్లారును. రెండవ లాభమే గొప్పది. పెద్ద అన్నపుముద్ద తనంతట తాను చల్లారుటకు గంటలు పట్టును. పైన చల్లగా తోచినను నడుమ గోరువెచ్చగా నుండును. ఆ గోరువెచ్చని గంటలే చెడుగు సూక్ష్మజీవులకు పండుగ దినములు. నీళ్ళు పోసిన ఇల్లాలు ఆ గంటలను నిమిషములకు కుదించినది.

తరువాత పులియుట ఆరంభమగును. ఉడుకుటతో గింజలను అంటియున్న సూక్ష్మజీవులు చాలవరకు నశించును. కొత్తవి మట్టికుండ గోడల సన్నని రంధ్రములనుండియు, నీటినుండియు, కలిపిన మజ్జిగచుక్కనుండియు వచ్చి చేరును. వానిలో లాక్టిక్ ఆమ్లమును తయారుచేయు బాక్టీరియాలు అన్నములోని కొద్దిపాటి చక్కెరలను తిని ఆమ్లమును విడుచును. పులుపు హెచ్చినకొలది ఇతర జాతులు వెనుకబడును. పులియుట సజీవుల పనియేగాని వట్టి రసాయనిక మార్పు కాదని లూయీ పాస్టరు 1857లో ఫ్రాన్సుదేశపు లీల్ నగరమున ప్రకటించెను. నిన్నటి కుండనే నీళ్ళతో తొలిచి నేడు మరల వాడుకొను తెలుగు ఇల్లాలు అప్పటికి ఎన్ని తరములనుండియో ఆ సజీవులకు ఆశ్రయమిచ్చుచునే యుండెను. తెలుగుదేశపు పలు తావులలో దీనికొరకే ప్రత్యేకముగా తరవాణి కుండ ఉండెడిది. గంజియు, బియ్యపు కడుగునీళ్ళును అందులో పులిసి ఎప్పుడును సిద్ధముగా నుండును. పెరుగునకు తోడువలె ఆ పుల్లనినీరు కొత్త అన్నమునకు తోడు.

పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడు పి.హెచ్. కొలబద్దలో 7 తటస్థము. ఆ సంఖ్య తగ్గినకొలది పులుపు హెచ్చును. అప్పుడే వండిన అన్నము 6కు పైన నుండును. బాగుగా పులిసిన చద్ది 4 ప్రాంతమునకు దిగును. మరుగుచున్న నీటిని సహితము బీజాణువుల రూపమున తట్టుకొని బ్రతుకు బాక్టీరియాజాతి యొకటి అన్నమునకు ముఖ్యశత్రువు. దాని సంగతి ముందు వచ్చును. అది సుమారు 4.3కు దిగువ పెరుగలేదు. అనగా రాత్రి కుండలో జరుగునది ఒక పరుగుపందెము. లాక్టిక్ బాక్టీరియా ముందు గెలిచినచో అన్నము చద్ది యగును. శత్రువు ముందు గెలిచినచో పాచిపోవును. రాత్రి చల్లదనము, పోసిన నీళ్ళు, పాతకుండలోని తోడు, తెల్లవారగనే తినివేయుట - ఈ నాలుగును మంచివారి పక్షము. అందులో ఏ ఒక్కటి తప్పినను పందెము ఫలితము మారవచ్చును. చద్ది యన్నంతమాత్రమున దోషరహితమని తలచుట సరికాదు. జిగటగా సాగినను, దుర్వాసన వచ్చినను పూర్వపు ఇల్లాండ్రును దానిని పశువుల కుడితిలో పోసెడివారు.

ఈమధ్య చద్దన్నమును గూర్చి అతిశయోక్తులు బయలుదేరినవి. పులియుటతో అందులో ఇనుము అనేకరెట్లు పెరుగునని ఒక ప్రచారము. ఇనుము ఒక మూలకము. బాక్టీరియా దానిని పుట్టింపజాలదు. నీటినుండియో, పాత్రనుండియో వచ్చిన ఇనుమే అందులో నుండవలెను. గింజలోని ఇనుమును బంధించియుంచు ఫైటిక్ ఆమ్లము పులియుట వలన కొంత విచ్ఛిన్నమై, ఉన్న ఇనుము శరీరమునకు మరికొంత సులభముగా అందవచ్చును. ఈ నిజమే చద్దికి కావలసినంత గౌరవము.

ఇంతకన్న గట్టి గౌరవము గంజికి దక్కవలెను. నెల్లూరునకు ఉత్తరమున గల సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ఎంతో కాలము ప్రబలియుండెను. కాళ్ళు తిమ్మిరియెక్కుట, వాచుట, గుండె బలహీనపడి హఠాత్తుగా ఆగుట దాని లక్షణములు. మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో దీనిపై ఒక గ్రంథము ప్రకటించెను గాని కారణము అప్పుడు తెలియలేదు. కారణమును కనుగొనుటకు దారి చూపినదియు మిగిలిన అన్నమే యగుట విశేషము. డచ్చివారి పాలనలోనున్న జావా ద్వీపమున, బటేవియాలో క్రిస్టియాన్ ఐక్మన్ అను వైద్యుడు బెరిబెరికి కారణమైన క్రిమిని వెదకుచు కోళ్ళను పెంచుచుండెను. 1889లో ఆ కోళ్ళకు కాళ్ళు పడిపోవు జబ్బు వచ్చినది. కొన్ని నెలలకు దానంతట అదియే తగ్గినది. ఆరాతీయగా కోళ్ళు జబ్బుపడిన కాలములో వానికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నము వేసిరనియు, తరువాత వచ్చిన కొత్త వంటవాడు సైన్యపు అన్నము సైన్యమునకు చెందని కోళ్ళకు వేయనని నిరాకరించెననియు తెలిసినది. మరల ముడిబియ్యము తిన్న కోళ్ళు కోలుకొన్నవి. ఒక వంటవాని పట్టుదల వైద్యశాస్త్రమున కొత్తదారి తీసినది.

ఐక్మన్ మొదట పిండిపదార్థములో విషమున్నదని భ్రమించెను. అతని తరువాత వచ్చిన గ్రెయిన్స్ 1901లో లోపించినది తవుడులోని ఒక పోషకమని సరిగా గ్రహించెను. 1926లో యాన్సెన్, డొనాత్ అనువారు ఆ బటేవియాలోనే దానిని స్ఫటికములుగా వేరుచేసిరి. నేడు దానికి థయమిన్ అని పేరు. బి-1 విటమిను అనియు అందురు. 1929లో ఐక్మన్‌కు నోబెల్ బహుమానము లభించెను. మనదేశమున కూనూరు పోషకాహార పరిశోధనాలయపు అధిపతి ఆక్రాయిడ్, సహచరులతో కలిసి 1940లో ప్రకటించిన గ్రంథము భారతదేశపు బియ్యపు సమస్యను వివరముగా చర్చించినది. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది.

థయమిన్ నీటిలో కరగును. మరపట్టిన బియ్యములో ముందే అది కొద్ది. ఆ కొద్దిని పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోసినచో అందులో చాలభాగము తూమువెంట పోవును. గంజిని పారబోయక చద్దికుండలో పోసిన ఇంట పోయినదానిలో కొంత మరల తిరిగివచ్చెడిది. చద్ది తిను కూలివానికి దంపుడుబియ్యమును తోడైనందున, పొరపాటున గూడ, ధనవంతుని తెల్లని అన్నముకన్న మేలైన ఆహారము దొరకినది.

అన్నమునకు తోడైన చేపల పులుసు కథ వేరు. నెల్లూరు చేపల పులుసు వండిననాటికన్న మరునాడు రుచియని తెలుగునాట అందరును అంగీకరింతురు. ఇందులో ఊహ ఏమియు లేదు. చేపముక్కలోనికి ఉప్పు, పులుపు, కారము చొచ్చుటకు కాలము కావలెను. ఎముకల చుట్టునున్న కొల్లాజెను అను పదార్థము ఉడుకునపుడు కరగి, చల్లారినపుడు పులుసును చిక్కబరచును. చేపలో ఈ పదార్థము మేకమాంసమున నున్నదానికన్న తక్కువ వేడికే కరగును. మిరపకారమును మెంతుల ఆవాల వాసనను నూనె తనలో కలుపుకొని రాత్రంతయు ముక్కలకు పంచును. ఈ పులుసులోని మిరప అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి వెంట పదునారవ శతాబ్దమున వచ్చినది. అంతకుముందు తెలుగువారి కారము మిరియము. చింత ఆఫ్రికానుండి ఎంతో ప్రాచీనకాలమున వచ్చి మనదైనది. అరబ్బులు దానికి హిందూదేశపు ఖర్జూరమని పేరుపెట్టిరి. నెల్లూరువారు చింతపండుతో ఆగక పుల్లమామిడి ముక్కలు కూడ వేయుదురు.

చింతపండు గుజ్జులో టార్టారిక్ ఆమ్లము నూటికి 8 నుండి 18 పాళ్ళ వరకుండును. అన్నము తన పులుపును రాత్రంతయు శ్రమించి సంపాదించుకొనవలెను. పులుసు పులుపుతోనే పుట్టును. అందుచేత పందెము ఆరంభమునకు ముందే పులుసు గెలిచియుండును. దానికి తోడు ఇంటివారు కొన్ని కట్టుబాట్లు పాటించెడివారు. రాత్రి పడుకొనుటకు ముందు పులుసును ఒకమారు తెర్లకాచి మూతపెట్టుట, ఉదయము మరల తెర్లకాచుట, తడిగరిటెగాని ఎంగిలిచేయిగాని తగులనీయకుండుట. మడి యని పిలిచినను, ఎంగిలి యని పిలిచినను అవి సూక్ష్మజీవులకు తలుపు మూయు పద్ధతులే. పాత్ర విషయమునను పట్టింపు కలదు. కళాయి లేని ఇత్తడిలో పులుపు నిలువయుంచినచో చిలుమెక్కి రాగివిషము దిగును. కనుకనే పులుసునకు మట్టిచట్టి.

అయితే పులుపు అన్నిటిని కాపాడదు. ఈ సంగతి తీరవాసులు ముఖ్యముగా ఎరుగవలసినది. కానాగంతలను తీసికొనవచ్చును. ఈ చేప శాస్త్రీయనామములోనే తెలుగుమాట యున్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులోని ప్రకృతిశాస్త్రవేత్త పాట్రిక్ రసెల్ విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలను బొమ్మలతో 1803లో ప్రకటించుచు, జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. అందలి కనగుర్త యను పేరును ఫ్రెంచిశాస్త్రజ్ఞుడు కువియే 1816లో స్వీకరించెను. నేటికిని ప్రపంచమంతట దాని జాతినామము కనగుర్తయే. ఈ చేపయందును, సూరచేపలయందును హిస్టిడిన్ అను పదార్థము అధికము. పట్టిన చేపను ఎండలో, మంచుగడ్డ లేక గంటలకొలది ఉంచినచో బాక్టీరియాలు దానిని హిస్టమిన్‌గా మార్చును. అది తిన్నవారికి మొగము ఎఱ్ఱబారి, తలనొప్పి, దద్దురులు వచ్చును. చేప పడలేదని అందురుగాని, చాలసార్లు పడనిది చేప కాదు, ఆలస్యము. ఒకమారు పుట్టిన హిస్టమిన్ ఉడికించినను, చింతపండు పోసినను, మంచులో పెట్టినను పోదు. పాతకాలమున ఒడ్డుకు చేరిన కానాగంతలు ఆ పూటనే చట్టిలోనికో ఉప్పులోనికో పోయెడివి. మరునాటి పులుసు మంచిదగుట మొదటినాటి చేప తాజాదనముపై ఆధారపడియుండును.

ఇరువదవ శతాబ్దమున ఈ ఏర్పాటు క్రమముగా సడలినది. కచేరీలును బడులును పది గంటలకు తెరచునవి. ఉద్యోగి ఇంట వంట ఉదయమునకు జరిగినది. ఇడ్లీయు కాఫీయు చద్ది స్థానమును ఆక్రమించినవి. చద్దన్నము తినుట బీదతనపు గుర్తుగా ఎంచబడినది. శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు లేచినది. 1990 దరిదాపులనుండి తీరమంతట రొయ్యలగుంటలు వెలసినవి. 2008లో కృష్ణపట్నమున ఆధునిక రేవు పని ఆరంభించినది. వీనితో వంతులవారీ పనులు, రొయ్యల కర్మాగారములలో స్త్రీల కూలి, బస్సుల వేళలు తీరపు ఇండ్లలో ప్రవేశించినవి. ఉదయము అయిదింటికి వండి క్యారియరులు కట్టి, మిగిలినదానిని మూతపెట్టి, రాత్రి ఏడింటికి వచ్చి దానినే తాలింపు వేసి పిల్లలకు పెట్టుట పరిపాటియైనది.

ఇక్కడనే గడియారము తలక్రిందులైనది. పూర్వపు అన్నము రాత్రి నిదురించి ఉదయము లేచెడిది. నేటి అన్నము పగలంతయు వేచి రాత్రి తినబడుచున్నది. నెల్లూరున మే నెలలో పగటివేడి 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట అరుదు కాదు. మూసిన వంటగది అంతకన్న మేలుగా నుండదు. కుక్కరులో గట్టిగా కూరుకొనియున్న అన్నముపై ఎవరును నీళ్ళు పోయుట లేదు. తోమి మెరయు ఉక్కుపాత్రలో తోడు చేయు బాక్టీరియా లేదు. అన్నము పులియదు, చల్లారదు, కాని తినునప్పటికి పండ్రెండు పదునాలుగు గంటలు గడచియుండును. చద్దికి కావలిగా నిలిచిన నలుగురును ఇక్కడ లేరు, పేరుమాత్రమే మిగిలినది.

శత్రువు పేరు బాసిల్లస్ సీరియస్. ఇంగ్లండులో ఫ్రాంక్లండ్ దంపతులు 1887లో ఒక పశువులకొట్టములోని గాలినుండి దీనిని వేరుచేసిరి. మట్టిలోను, వడ్లలోను ఇది సహజముగానే యుండును. దాని బీజాణువులు అన్నము ఉడుకుటతో చావవు. ఇది అన్నముద్వారా వాంతులు కలిగించునని స్పష్టమైనది 1971 తరువాత. ఇంగ్లండులోని చైనావారి భోజనశాలలలో వేపుడన్నము తిన్న కొందరికి కొద్దిగంటలలోనే విపరీతముగా వాంతులైనవి. అక్కడి వంటవారు అన్నమును పెద్దమొత్తమున ముందే ఉడికించి, మెతుకు విడివిడిగా నుండవలెనని బల్లపైననే ఉంచి, తరువాత గ్రుడ్డు కలిపి వేయించెడివారు. చల్లారిన మెతుకు పొడిగా నుండునని వారికి అనుభవముచే తెలియును. ఆ మెతుకులో ఏమి పెరుగుచున్నదో తెలియలేదు. వాంతి కలిగించు ఆ విషపదార్థపు నిర్మాణమును 1995లో జపానువారు నిర్ణయించిరి. దానికి సెరియులైడ్ అని పేరు. 120 డిగ్రీలకు మించిన వేడిలో గంటకుపైగా ఉంచినను అది చెడదు. వంటయింటి బాణలిలో అంతటి వేడి అంతసేపు ఎన్నడును ఉండదు.

అనుకూలమైన వేడిలో ఈ బాక్టీరియా అటునిటుగా అరగంటకు రెట్టింపగునని అనుకొన్నచో, పది గంటలలో ఇరువదిసార్లు రెట్టింపగును. ఒకటి పది లక్షలు దాటును. సాయంకాలము నూనెలో వేయించుటచే ఆ పది లక్షలును చావవచ్చును. అవి విడిచిన విషము చావదు. బాగుగా వేడిచేసితిమి గదా అను ధైర్యము ఇచ్చట పనికిరాదు.

పులిహోర ఈ చిక్కును ఎన్నడో తీర్చినది. దేవాలయములలోను ప్రయాణములలోను పేరుపడిన ఆ వంటకమున వేడియన్నమును వెడల్పాటి పళ్ళెరములో ఆరబోయుట మొదటి మెట్టు. చింతపండు పులుసు, నూనె, ఉప్పు, పసుపు అప్పుడే పట్టించుట రెండవది. ఆరబోసినందున వేడి త్వరగా పోవును. పులుపు శత్రువు మేల్కొనకముందే మెతుకు మెతుకునకు అంటును. రోజంతయు మూటలోనున్నను పులిహోర నిలుచుటలోని రహస్యమిదియే. నేటి ఇండ్లలో జరుగునది దీనికి వ్యతిరేకము. పగలంతయు చప్పిడిగా పడియున్న అన్నమునకు రాత్రి నిమ్మకాయ పిండి పులిహోర చేయుదురు. రుచి వచ్చును, రక్షణ రాదు. పుట్టిన విషమును పులుపు తీసివేయలేదు. గూడూరు, పొదలకూరు ప్రాంతపు నిమ్మతోటలు దాపుననే యున్నవి. ఆ కాయను సాయంకాలమునకు బదులు ఉదయము కోసినచో చాలు.

మంచుయుగము మనకు ఆలస్యముగా వచ్చినది. అమెరికానుండి ఫ్రెడరిక్ ట్యూడరు పంపిన మంచుగడ్డలు 1833లో కలకత్తాకు చేరినవి. 1842లో మద్రాసు సముద్రపుటొడ్డున వాని కొరకు కట్టిన మంచుగిడ్డంగి నేటికిని నిలిచియున్నది. అది దొరల పానీయములకే గాని సామాన్యుల అన్నమునకు కాదు. 1958లో గోద్రెజ్ సంస్థ స్వదేశీ రిఫ్రిజిరేటరును తయారుచేసిన పిమ్మట, క్రమక్రమముగా మధ్యతరగతి వంటయిండ్లలోనికి చల్లదనము వచ్చినది. 5 డిగ్రీలకు దిగువ బాక్టీరియా పెరుగుదల మిక్కిలి మందగించును. అయితే యంత్రము ఉన్నంతమాత్రమున చాలదు. ఉదయపు అన్నమును సాయంకాలము వరకు బల్లపై ఉంచి, భోజనానంతరము మిగిలినదానిని అందులో పెట్టుట దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరుగుటవంటిది. కుక్కరునిండ వేడియన్నమును మూతతో అట్లే పెట్టినను నడిమిభాగము చల్లారుటకు గంటలు పట్టును. పళ్ళెరములో పలుచగా ఆరబోసి, గంట రెండుగంటలలో చిన్నపాత్రలకెత్తి లోపల పెట్టుట ఉత్తమము. పూర్వపు ఇల్లాలు నీళ్ళు పోసి సాధించినదానిని నేటి ఇల్లాలు పళ్ళెరముతో సాధించునన్నమాట.

ఇట్లు ఉంచిన అన్నముతో సాయంకాలపు వంట నిజముగనే కొద్ది నిమిషముల పని. చల్లదనమున బిరుసెక్కిన మెతుకులు విడివిడిగా నుండి, ఆవాలు, సెనగపప్పు, ఎండుమిరప, కరివేపాకుల తాలింపును చక్కగా పట్టించుకొనును. కూరగాయముక్కలో, గ్రుడ్డో చేర్చి పొగలు వచ్చువరకు కలియబెట్టి, ఒక్కమారే వేడిచేసి, ఆ పూటనే ముగింపవలెను. పులుసు మిగిలియున్నచో దానిని తెర్లకాచి వేడియన్నముపై పోసిన చాలును. విద్యుత్తు తరచు పోవు ఊళ్ళలో ఉదయమే పులిహోర కలిపియుంచుట మేలు. ఎండకాలమున రాత్రివంటకే మరలి, అన్నముపై నీళ్ళు పోసి, గరిటెడు పుల్లమజ్జిగ చేర్చి, తెల్లవారగనే తినువారును తీరపు పాలెములలో ఇప్పటికిని ఉన్నారు. వారి కుండప్రక్కన నిన్నటి పులుసుచట్టి మూతతో ఉండును. అందులో చేప మాత్రము పట్టిననాడే ఉడికినది.